నెపం ఎవరి మీద?
చేయని నేరానికి, దేశద్రోహి అన్న ముద్రతో, యూదుడైన ఫ్రెంచి సైనికాధికారి ఆల్ఫ్రెడ్ డ్రేఫస్‌ను 1894లో శిక్షించారు. దేశం రెండుగా చీలింది. రబ్బీ కొడుకైన సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖేమ్ 1899లో ఈ యూదుద్వేషానికి కారణం చెప్పాడు: సమాజం బాధలో ఉన్నప్పుడు నింద మోపడానికి ఎవరో ఒకరిని వెతుక్కుంటుంది, అప్పటికే చిన్నచూపుకు గురైనవాళ్లే దొరుకుతారు. 1870 యుద్ధంలో ఫ్రాన్సు ఓటములకూ యూదులనే తిట్టడం తాను చూశానన్నాడు. అంటే ద్వేషానికి మూలం యూదుల నడతలో కాదు, ద్వేషించేవాళ్ల కలతలో ఉంది.

మరి ఆ చిన్నచూపు ముందు ఎక్కడినుంచి వచ్చింది? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. శతాబ్దాల మతద్వేషాన్ని ఆయన తక్కువగా తూచాడనే అనుకుంటాను. విద్వేషం రెచ్చగొట్టేవాళ్లను కఠినంగా శిక్షించాలన్నాడు, అది సరైన మాట. కానీ జర్మనీ, రష్యాలది దీర్ఘవ్యాధి, ఫ్రాన్సుది వచ్చిపోయే జ్వరం అని నమ్మాడు. 1940లో ఫ్రాన్సులోనే విషీ ప్రభుత్వం యూదులను ప్రభుత్వ ఉద్యోగాలనుంచి వెలివేస్తూ చట్టం చేసింది.