పాతది వదలడం కూడా చదువే

కంపెనీల గురించి చదివేటప్పుడు ‘వ్యూహం’ అనే మాట తరచూ ఎదురవుతుంది. పై అధికారులు నిర్ణయిస్తారు, కింది ఉద్యోగులు అమలు చేస్తారు అని మనలో చాలామంది అనుకుంటాం. టెక్నాలజీ రంగంలో ఎప్పుడూ అలాగే జరగదు. ఇందుకు ఇంటెల్ కంపెనీ చరిత్ర మంచి ఉదాహరణ.

రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ 1968లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంటెల్‌ను స్థాపించారు. సమాచారాన్ని దాచే మెమరీ చిప్‌లతో ఆ కంపెనీకి పేరొచ్చింది. 1971లో, ఒక జపాన్ కాలిక్యులేటర్ కంపెనీ కోసం చేపట్టిన పనిలో నుంచి ‘4004’ అనే మైక్రోప్రాసెసర్ పుట్టింది. ఇది లెక్కలు చేసే చిప్. అయినా ఇంటెల్ వాళ్లు చాలాకాలం తమది మెమరీ కంపెనీ అనే అనుకున్నారు.

1980ల తొలినాళ్లలో జపాన్ కంపెనీలు నాణ్యమైన మెమరీ చిప్‌లను తక్కువ ధరకు అమ్మసాగాయి. ఇంటెల్ వాటా బాగా పడిపోయింది. అయితే ఆ కంపెనీలో ఒక నియమం ఉండేది. ఏ చిప్ మీద ఎక్కువ లాభం వస్తే దానికే ఫ్యాక్టరీలో ఎక్కువ చోటు. ఆ లెక్కలు వేసే మధ్యస్థాయి ఉద్యోగులు మెమరీని తగ్గిస్తూ మైక్రోప్రాసెసర్లను పెంచుతూ వచ్చారు. పైవాళ్లు ఇంకా చర్చిస్తూ ఉండగానే ఫ్యాక్టరీ దారి మార్చుకుంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ బర్గెల్‌మన్ ఈ సంగతిని వివరంగా పరిశోధించారు.

1985లో ఇంటెల్ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్, మూర్‌ను ఒక ప్రశ్న అడిగారు: మనల్ని తీసేసి కొత్త అధిపతిని తెస్తే ఆయన ఏం చేస్తాడు? మెమరీని వదిలేస్తాడని మూర్ జవాబు. అయితే ఆ పని మనమే చేద్దామన్నారు గ్రోవ్. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. 1986లో కంపెనీకి నష్టం వచ్చింది. కానీ 1992 నాటికి ఇంటెల్ ప్రపంచంలోనే అతిపెద్ద చిప్‌ల కంపెనీ అయింది.

ఈ గ్రోవ్ హంగరీ నుంచి కాందిశీకుడిగా వచ్చి, న్యూయార్క్‌లో ఫీజు లేని సిటీ కాలేజీలో చదువుకున్నారు. టెక్నాలజీలో పెద్దల అనుభవం త్వరగా పాతబడుతుందనీ, కొత్తగా చేరినవాడికి తాజా విషయం తెలుస్తుందనీ ఆయన నమ్మకం. అందుకే చిన్న ఉద్యోగి కూడా ఆధారాలతో పై అధికారిని కాదనగలిగే సంస్కృతిని ప్రోత్సహించారు.

గెలిపించిన అలవాటే తర్వాత అడ్డుపడవచ్చు. 2007లో ఐఫోన్ రాకముందు దాని చిప్ తయారుచేసే అవకాశం ఇంటెల్‌కు వచ్చింది. ఆ ధరకు గిట్టుబాటు కాదని వదులుకున్నారు. ఆ అంచనాలు తప్పాయని నాటి అధిపతి పాల్ ఒటెలినీ 2013లో చెప్పారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇళ్లలో చాలామందికి పెద్దవాళ్ల ముందు, ఆఫీసర్ల ముందు తలవంచుకొని నిలబడటమే నేర్పారు. వాళ్ల బతుకుల్లో అది అవసరమైంది. ఆ మౌనాన్నే ఉద్యోగంలోకి తీసుకెళితే మనకు తెలిసింది మనలోనే ఉండిపోతుంది. ప్రతి ఆఫీసూ మన మాట వింటుందని చెప్పలేను. అయితే పనికి దగ్గరగా ఉన్నవాడికే మార్పు ముందు కనిపిస్తుంది. చూసింది రాసిపెట్టుకోండి, లెక్క సరిచూసుకోండి, ఆ కాగితం చేతిలో పట్టుకొని మాట్లాడండి. హోదా లేని మనిషికి ఆ లెక్కే అండ.