చివరిదాకా చూసేవాళ్లు కావాలి!

'వంద వీడియోలు పెట్టాం... చూసేవాళ్లే లేరు' అని దిగాలుపడేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వంటలు చేసే అమ్మ, పాఠాలు చెప్పే మాస్టారు, ఉద్యోగం మానేసి కెమెరా కొంటానంటున్న అబ్బాయి... ఎవరైనా సరే, జేబులోంచి డబ్బు తీసేముందు ఓసారి ఇది చదవండి.

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అని ఓ చిన్న ఊరు. శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు 2012లో అక్కడ 'మై విలేజ్ షో' పేరుతో యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. ఊరి జనమే నటులు, ఊరే సెట్టు. పొలం పనులకెళ్తూ, బీడీలు చుడుతూ బతుకు వెళ్లదీసిన గంగవ్వ అందులోనే జనానికి పరిచయమైంది. పెద్దగా చదువుకోని ఆ పెద్దావిడ తర్వాత సినిమాల్లో నటించింది. 2020లో 'బిగ్‌బాస్' ఇంట్లోకీ వెళ్లింది.

ఆంధ్రాలో మస్తానమ్మ కథా అలాంటిదే. 2016లో వందేళ్లు పైబడిన ఆ అవ్వ కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేస్తుంటే మునిమనవడు వీడియో తీశాడు. అలా మొదలైంది 'కంట్రీ ఫుడ్స్' ఛానల్. పుచ్చకాయలో కోడికూర వండితే తెలుగు రానివాళ్లూ నోరెళ్లబెట్టి చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసేనాటికి ఆ ఛానల్ సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటిపోయారు.

వీళ్లిద్దరికీ స్టూడియో లేదు, ఇంగ్లిష్ రాదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో కెమెరా ముందూ అలాగే మాట్లాడారు. చాలామంది చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. కెమెరా ఆన్ అవగానే టీవీ యాంకరమ్మ గొంతు ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది!

ఎవరికి చెబుతున్నారు?

'మా ఛానల్లో అన్నీ ఉంటాయండీ... వంటలు, చిట్కాలు, షాపింగ్, భక్తి' అంటారు కొందరు గర్వంగా. చిక్కంతా అక్కడే. వంట కోసం వచ్చినావిడకు మర్నాడు మీ చీరల షాపింగ్ అక్కర్లేదు. ఆవిడ చూడదు. రెండు మూడుసార్లు చూడకపోతే యూట్యూబ్ కూడా మీ వీడియోను ఆవిడ ముందు పెట్టడం తగ్గిస్తుంది. ఎవరు దేన్ని చూస్తున్నారు, ఎంతసేపు చూస్తున్నారు, దేన్ని దాటేసి పోతున్నారు... అది లెక్కేసుకునేది వీటినే.

కాబట్టి ముందు ఒక మనిషిని ఊహించుకోండి. 'తెలుగు వంటలు' అంటే సముద్రం. 'హాస్టల్ గదిలో ఒక్క కరెంటు పొయ్యి, ఒక్క గిన్నెతో వండుకునే కుర్రాడు' అంటే మీకో దారి దొరికినట్టే. అతనికి ఏం కావాలో, ఎంత సమయం ఉంటుందో, నెలాఖరులో జేబులో ఎంత మిగులుతుందో ఆలోచిస్తే యాభై వీడియోలకు సరిపడా విషయాలు వాటంతటవే వస్తాయి.

పేరు పెట్టడంలోనూ ఇదే సూత్రం. 'మిర్చి సాగులో మెళకువలు' అని పెడితే వ్యవసాయ శాఖ కరపత్రంలా ఉంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల్లో మిరప తోటల్ని ఊడ్చిపెట్టినప్పుడు రైతు వెతికింది మెళకువల కోసం కాదు. పూతలో దూరి రాలగొట్టేస్తున్న ఆ నల్లపురుగు ఏమిటో, ఏం చేయాలో అతనికి కావాలి. 'మిరప పూతలో నల్లపురుగు... ఎలా గుర్తుపట్టాలి?' అని పెట్టండి. రైతు ఏ మాటతో అడుగుతాడో ఆ మాటే మీ శీర్షికలో ఉండాలి. అది శాస్త్రీయ నామమా, పల్లె మాటా అన్న పట్టింపు అక్కర్లేదు.

థంబ్‌నెయిల్ గురించి ఒక్క మాట. 'ఇది తింటే చచ్చిపోతారు!' లాంటి ఎర్ర అక్షరాలకు జనం ఒకసారి మోసపోతారు. లోపల ఏమీ లేదని తెలియగానే వెనక్కి పోతారు. ఆ వెళ్లిపోవడం కూడా లెక్కలోకి వస్తుంది మరి!

మొదటి అర నిమిషం

'హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానల్... కొత్తగా చూస్తున్నవాళ్లు లైక్ చేసి, షేర్ చేసి, పక్కనున్న గంట నొక్కి...' ఇది పూర్తయ్యేలోపు చూసేవాడి బొటనవేలు తెరను పైకి తోసేసి ఉంటుంది. ఇంకా ఏమీ పెట్టకుండానే బాగుందని చెప్పమంటే ఎవరు మాత్రం చెబుతారు?

పులిహోర చేస్తున్నారనుకోండి. పొడిపొడిగా, పసుపుపచ్చగా ఉన్న పులిహోరను ముందే చూపించండి. 'అన్నం ముద్దయిపోతోందా? అయితే తప్పు చింతపండులో లేదు, అన్నం ఆరబెట్టడంలో ఉంది' అని మొదలుపెట్టండి. రోజూ ఆ తిప్పలు పడే ఇల్లాలు వంట పూర్తయ్యేదాకా కదలదు. పలకరింపులు తర్వాతైనా చేసుకోవచ్చు.

ఇదేదో మర్యాదకు చెప్పే మాట కాదు. 2012లోనే యూట్యూబ్ తన పద్ధతి మార్చుకుంది. ఎన్నిసార్లు నొక్కారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి విలువివ్వడం మొదలుపెట్టింది. మీ ఛానల్ లెక్కల పేజీలో ప్రతి వీడియోకూ ఓ గీత కనిపిస్తుంది. ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చెప్పే గీత అది. ఎక్కడ నిట్టనిలువుగా పడిపోయిందో అక్కడికెళ్లి మీ వీడియోను మీరే చూడండి. బహుశా ఉల్లిపాయలు తరుగుతూ రెండు నిమిషాలు గడిపి ఉంటారు. లేదంటే చెప్పిందే మళ్లీ చెప్పి ఉంటారు. పది వీడియోల గీతలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ కోచింగ్ సెంటరూ చెప్పని పాఠం దొరుకుతుంది. వేలకు వేలు ఫీజు కట్టి 'వైరల్ రహస్యాలు' నేర్చుకునే ముందు ఊరికే దొరికే ఈ గీతను చదవడం మేలు.

కెమెరా సంగతంటారా... ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ చాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం ఒక్క క్షణం ఆగరు. ఫ్యాన్ ఆపేయండి. కుక్కర్ విజిల్ వచ్చేటప్పుడు మాట్లాడకండి. చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనుక్కుంటే మొదట్లో ఆ ఒక్క ఖర్చూ సరిపోతుంది. కిటికీకి ఎదురుగా కూర్చుంటే లైట్లూ అక్కర్లేదు.

మొహమాటపు సబ్‌స్క్రైబర్లు

ఛానల్ పెట్టగానే అందరూ చేసే పని, చుట్టాల వాట్సప్ గ్రూపులో లింకు పడేయడం. బాబాయి, పిన్ని, వదినగారి తమ్ముడు... అందరూ మొహమాటానికి ఓసారి నొక్కుతారు. చూడరు. 'నీది నేను చేస్తా, నాది నువ్వు చెయ్' అనే ఒప్పందాలూ అంతే. ఇక డబ్బులు పెట్టి కొనే సబ్‌స్క్రైబర్ల సంగతి చెప్పక్కర్లేదు. అది యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, దొరికితే ఛానల్‌కే ముప్పు.

ఓ చిన్న లెక్క చూడండి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావాలి. 4,000 గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తే 80 వేల వీక్షణలు కావాలి. అదే ఆరు నిమిషాలు కూర్చోబెట్టగలిగితే 40 వేలు చాలు. బాబాయి నొక్కిన బటన్ ఈ లెక్కలో ఎక్కడా కనపడదు. ఆ తర్వాత కూడా పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో మీ వాటా 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. ఉద్యోగం మానేద్దామనుకునే అబ్బాయి ముందు ఓ ఏడాది సాయంత్రాలూ ఆదివారాలూ పెట్టి చూడటం మంచిది.

మీకోసం నిజంగా వచ్చినవాళ్లను మాత్రం నిలబెట్టుకోండి. మొదట్లో వ్యాఖ్యలు పదో ఇరవయ్యో వస్తాయి. ప్రతిదానికీ పేరుపెట్టి జవాబివ్వండి. 'ఉప్పెంతో చెప్పలేదు' అని ఎవరైనా అడిగితే తర్వాతి వీడియోలో ఆ మాట చెప్పి మరీ కొలత చూపించండి. అడిగినావిడ ఇక మీ మనిషే! వారంలో ఏ రోజు వీడియో వస్తుందో తెలిస్తే ఎదురుచూడటమూ అలవాటవుతుంది. వారానికి ఒకటి చాలు. రోజుకొకటి అని మొదలుపెట్టి నెలకే చతికిలబడినవాళ్లు కోకొల్లలు.

సినిమా పాటలు వెనకాల వాడుకోవాలని ఎంత సరదాగా ఉన్నా వాడకండి. ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు, ఒక్కోసారి వీడియోనే తీసేస్తారు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. యూట్యూబ్ వాళ్లే ఉచితంగా ఇచ్చే సంగీతం ఉంది, అది వాడుకోండి.

ఒక్క రాత్రిలో పోయిన జనం

2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. లక్షల్లో అభిమానులున్నవాళ్లు కూడా తెల్లారేసరికి ఖాళీ చేతులతో మిగిలారు. ఆ నెలరోజుల్లోపే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మనదేశంలో మొదలయ్యాయి. కానీ అక్కడి జనం ఇక్కడికి వాళ్లంతట వాళ్లు రాలేదు, చాలామంది మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే రీల్స్, షార్ట్స్ కొత్తవాళ్లను పిలవడానికి వాడుకోండి. మీ అసలు వీడియోలు ఒకచోట ఉంచండి, తీసినవన్నీ ఇంట్లో ఓ హార్డ్‌డిస్కులో దాచండి. చూసేవాళ్లను ఇంకోచోట కూడా, కనీసం ఓ వాట్సప్ ఛానల్లోనైనా పలకరిస్తూ ఉండండి.

కాస్త పేరు రాగానే ప్రకటనల వాళ్లు వస్తారు. ఇక్కడే జాగ్రత్త. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ హైదరాబాద్ పోలీసులు పలువురు యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. మిమ్మల్ని ఇంటిమనిషిగా నమ్మి చూస్తున్న కుర్రాడు మీ మాట మీద జీతమంతా పోగొట్టుకుంటే? తీసుకున్న డబ్బు ఆ నష్టాన్ని పూడ్చదు. డబ్బో వస్తువో తీసుకుని చెబుతుంటే ఆ సంగతి అందరికీ అర్థమయ్యేలా వీడియోలోనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 చట్టం ప్రకారం 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది.

పిల్లలతో వీడియోలు తీసేవాళ్లు బడి యూనిఫాం, ఇంటి నంబరు, ట్యూషన్‌కు వెళ్లే దారి తెరమీద పడకుండా చూసుకోండి. పిల్లల కోసమే చేసినవని గుర్తుపెట్టిన వీడియోల కింద వ్యాఖ్యలు ఉండవు. పిల్లాడు 'ఇవాళొద్దమ్మా' అంటే ఆ రోజు కెమెరా తీయకండి.

ఇంకొకటి. 'మీతో వ్యాపార ఒప్పందం కుదుర్చుకుంటాం, జతచేసిన ఫైలు తెరవండి' అంటూ వచ్చే ఈమెయిళ్లలో చాలావరకు ఛానల్‌ను కాజేయడానికి వేసే వలలే. మూడేళ్లు కష్టపడి పెంచుకున్నది మూడు నిమిషాల్లో వేరేవాళ్ల చేతిలోకి పోతుంది. ఖాతాకు రెండంచెల భద్రత ఈరోజే పెట్టండి. అందులో ఇచ్చే ఫోన్ నంబరు మాత్రం వీడియోలు ఎడిట్ చేసిపెట్టే కుర్రాడిది కాకుండా మీదే అయ్యుండాలి.