చేపల తెగులును జన్యుక్రమమును

పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడకుదురని మీరెఱుగుదురు. ఆ వాలుగవలెనే మీసములుగల చేపలను అమెరికాలో చెఱువులందు పెంచుదురు. 2009లో అలబామా రాష్ట్రమున వానికి తెగులు సోకి లక్షలకొలది పౌనుల చేపలు నశించినవి. కారణము ఏరోమోనాస్ హైడ్రోఫిలా యను సూక్ష్మజీవి.

మంచినీటిలో నంతటను సామాన్యముగా నుండు నీ జీవి యప్పు డంతటి ప్రాణాంతక మేల యయ్యెను? ప్రతిజీవి లక్షణములును నాలుగే యక్షరముల వ్రాతవలె డి.ఎన్.ఏ. యను పదార్థమున నిమిడియుండును. ఆ వ్రాత వరుసయే జన్యుక్రమము. ఈ సూక్ష్మజీవిలో నట్టి యక్షరములు సుమారు 47 లక్షలు. దీనిలో నొక రకముయొక్క క్రమమును 2006లో పూర్తిగా చదివి ప్రకటించిరి. పిమ్మట అలబామా చేపలనుండి తీసిన రకమును చదివి పోల్చగా, చీనాలో గడ్డిచేపకు తెగులు కలిగించిన రకమునకు అది మిక్కిలి దగ్గఱ బంధువని తేలెను. ఆ తెగులు ఆసియానుండి వచ్చినదని శాస్త్రజ్ఞులు 2014లో వెల్లడించిరి.

మన బొచ్చె, శీలావతి చేపలకును ఈ జీవివలన పుండ్లు కలుగును. తెగులు ఎల్లప్పుడును మన నీటనే పుట్టదు. కొనితెచ్చిన చేపతోడను రావచ్చును. జన్యుక్రమమును చదువుట ప్రయోగశాలల పని. క్రొత్త పిల్లలను కొన్నినాళ్లు వేఱుగా నుంచి, ఆరోగ్యము చూచి, పిదప చెఱువున విడుచుట మన పని.