మగాడి ఒళ్లు - కులం కొలత

చిలకలూరిపేటలో పత్తి బోరేలు మోసే హమాలీని ఎవరూ కండలవీరుడని అనరు. ఆ భుజాలూ ఆ పిక్కలూ ఏ జిమ్ములోనూ తయారైనవి కావు. అయినా లోకం కంటికి ఆ ఒళ్లు బరువు మోసే సాధనం, అంతే. అదే కండని డబ్బు కట్టి పెంచుకుంటే మగతనం అంటారు. 2007లో 'దేశముదురు' వచ్చాక సిక్స్‌ప్యాక్ మన కుర్రాళ్లకి కలగా మారింది. నాన్న ఒంటిని చూసి సిగ్గుపడి, తెర మీది ఒంటిని చూసి మురిసే కొడుకులు మా వాడల్లోనే ఉన్నారు. మేమూ ఆ కొడుకులమే.

మగతనం పుట్టుకతో వచ్చేదనుకుంటాం. కాదు. ఏ ఒంటికి ఎంత చోటు, ఎంత నిక్కు ఉండాలో కులం తేల్చింది. పెద్దకులాల వీధిలోకి అడుగుపెడితే మాల మాదిగ మగాడు భుజమ్మీది తువ్వాలు తీయాలి, ఎగ్గట్టిన పంచె దించాలి. మీసం మెలెయ్యకూడదు. అరవై ఏళ్లొచ్చిన పాలేరైనా కామందు కొడుకు నోట 'ఏరా' అనిపించుకోవాల్సిందే. పనికి మగాడు, మర్యాదకి పిల్లాడు!

ఈ కట్టుబాటు దాటితే ఏమవుతుందో అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు చూసింది. 1991 జులైలో అక్కడి సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లోని రెడ్డి కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాలు తగలడం సాకే, ఒప్పుకుందాం. కాని ఏ సాకు పనికొచ్చిందో చూడాలి. పొలంలో ఆ కాలు ఎంత గట్టిదైతే అంత మెచ్చుకునేవాళ్లు. టికెట్ కొన్న సీట్లో చాపుకుంటే అదే నేరమైంది.

దీనికి జవాబుగా మనమూ మీసం తిప్పుదాం, కండ పెంచుదాం అనేవాళ్లున్నారు. ఆ కసి అర్థమవుతుంది. కాని ఆ కొలబద్ద కామందుదే. వీధిలో తగ్గి, ఇంటికొచ్చి పెళ్లాం మీద నిక్కే మగతనం గురించి దళిత స్త్రీలు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. మగ కార్యకర్తలం వినడానికి చాలా ఆలస్యం చేశాం.

వాడ మొగలో అంబేద్కర్ విగ్రహాన్ని చూడండి. కోటు, కళ్లజోడు, చంకలో పుస్తకం, చాచిన వేలు. కండ ఎక్కడా కనబడదు. మంచి గుడ్డ కట్టినందుకే తన్నులు తిన్న జనానికి ఆ కోటే ఒక ధిక్కారం. సాయంత్రమైతే ఆ గద్దె మీదే కూచుని మన కుర్రాళ్లు ఫోన్లో కండల ఫోటోలు చూసుకుంటుంటారు. వాళ్లని తిట్టబుద్ధి కాదు. 'మీ నాన్న భుజమ్మీద కాసిన కాయ ఎప్పుడన్నా చూశావురా?' అని అడగబుద్ధవుతుంది.