సండూరు కొండలు – నారిహళ్ళ గండ్లు

బళ్ళారి నుండి హొసపేట త్రోవను పడమటికి సాగిపోవు బాటసారికి, నల్లరేగడి చేలు వెనుకబడిన పిమ్మట, ఎడమవైపున దిగంతమును మూసివేయుచు కానవచ్చు నీలవర్ణపు ప్రాకారమే సండూరు పర్వతశ్రేణి. దూరమునుండి ఒకే గోడవలె తోచునది, సమీపించి చూడగా, వాయవ్యము నుండి ఆగ్నేయమునకు ఇంచుమించు సమాంతరముగా సాగిన రెండు పంక్తులుగా విడివడును. ఆ రెంటినడుమ నొదిగియున్నదే సండూరు లోయ. చుట్టునున్న మైదానము సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున నుండగా, కొండల శిఖరభాగములు కొన్నిచోట్ల 1000 మీటర్లను సమీపించుచున్నవి. లోయలో పడిన నీరు వాలుననుసరించి లోయ పొడవునకు పారి, కొండలు అణగిన కొసయందు వెలువడవలెనని ఎవరైనను ఊహింతురు. అట్లు జరుగలేదు. నారిహళ్ళ యను చిన్న యేరు పడమటి వరుసను ఓబళగండి కడ చీల్చుకొని లోయలో ప్రవేశించి, దానికి అడ్డముగా సాగి, ఈశాన్యమున భీమగండి కడ రెండవ వరుసను సయితము చీల్చుకొని బయటపడి దరోజి చెరువునకు పోవుచున్నది. వేసవిలో బాలుడు దాటగల యీ యేటికి రెండు కొండలను కోయు శక్తి యెక్కడిది?

సమాధానమునకు ముందు శిలలను చూడవలెను. ఈ కొండలు సుమారు 270 కోట్ల సంవత్సరముల నాటి సముద్రగర్భమున పుట్టినవి. నాటి గాలిలో ప్రాణవాయువు లేనట్లే యుండెను. కావున ఇనుము కరిగిన రూపముననే సముద్రజలమందు నిలిచియుండెడిది. కిరణజన్యసంయోగక్రియను నేర్చిన సూక్ష్మజీవులు ప్రాణవాయువును విడువసాగినపుడు, ఇనుము దానితో కలిసి త్రుప్పుగా మారి అడుగునకు దిగెననియు, ఇసుక జాతికి చెందిన సిలికా పొరలు దానితో మార్చి మార్చి పేరుకొనెననియు పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఎఱుపు, బూడిదవన్నెల చారలుగల ఆ రాయిని నేడును కొండచరియలలో చూడవచ్చును. అట్టి సూక్ష్మజీవుల చాపలు రాతిపై విడిచిన పొరల గుర్తులు సయితము ఈ శ్రేణిలోని డోలమైటు శిలలలో దొరకినవి. పిమ్మట భూమి యొత్తిళ్ళకు ఈ పొరలు మడతలుపడి నిలువుగా లేచినవి. వానలకు మెత్తని శిలలు అరిగి లోయ యైనవి. ఇనుపచారల కఠినశిల అరుగక కొండయై నిలిచినది. ఇక్కడికి కొలది దూరముననే హంపియందు గ్రానైటు శిల గుండ్రని బండలుగా విచ్చిపోయి గుట్టలు పడియుండుటను చూచినవారికి, శిలాభేదమును బట్టి భూరూపమెంత మారునో వేరే చెప్పనక్కఱలేదు.

ఇక గండ్ల మాట. శ్రేణి పైభాగమున నడచినచో శిఖరములు వాడిగానుండక, ఇంచుమించు ఒకే మట్టమున చదునుగా నుండుటయు, వానిపై జేగురురాతి పలక కప్పియుండుటయు గమనింపవచ్చును. అట్టి పలక చదునైన నేలపై, దీర్ఘకాలము వానయు నెండయు మార్చి మార్చి తగిలినచోట ఏర్పడునది. అనగా ఒకప్పటి మైదానము నేటి శిఖరముల యెత్తున నుండెడిది. నారిహళ్ళకు పూర్వరూపమైన ప్రవాహము ఆ మైదానముపైననే, క్రింద నే శిల యున్నదో యెఱుగక, తనకు తోచిన దిక్కున పారెడిది. పరిసరములు అరిగి క్రుంగుచున్నకొలది ఏరు పట్టిన గీతను విడువక ఱంపమువలె దిగుచు వచ్చినది. కఠినశిల యెదురైన నాటికి ప్రక్కకు మరలుటకు వీలులేని లోతున చిక్కియుండెను. శిలలోని పగుళ్ళు కొంత తోడుపడియు నుండవచ్చును. కాబట్టి కొండలు నిలిచియుండగా ఏరు వచ్చి వానిని బ్రద్దలుకొట్టెననుట తలక్రిందులు. ఏటి త్రోవయే మొదటిది, కొండల నేటి ఆకారము తరువాతిది. గండికోట కడ పెన్నను చూచినపుడును ఈ ప్రశ్నయే వేసికొనవలెనని నా మనవి. మనము లోతును చూచి మెచ్చుకొని మరలివచ్చుచున్నాము.

ఈ రెండు గండ్లు చరిత్రకును ద్వారములైనవి. నలుదిక్కుల మద్రాసు రాజధానికి చెందిన భూములుండగా, ఘోర్పడే వంశీయుల చిన్న సంస్థానమొకటి 1949 వరకు ఇక్కడ నిలుచుటకు కొండగోడల అండయు కొంత కారణమై యుండును. ఈ శ్రేణిలోని రామనదుర్గము పైభాగమున 19వ శతాబ్ది మధ్యమందు ఆంగ్ల సైనికులకు ఆరోగ్యవిశ్రామస్థానము వెలసెను. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫుటు ఈ కొండలను శిల శిలయు పరిశీలించి, బళ్ళారి జిల్లా భూగర్భమును గూర్చిన గ్రంథమును 1895లో వెలువరించెను. బళ్ళారి చెంత రాతిగొడ్డళ్ళను చెక్కిన పురాతన మానవుల జాడలను వెదకినదియు నాతడే. 1953 అక్టోబరు 1న జిల్లాను పంచినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, తక్కిన భాగముతో సండూరు మైసూరునకు పోయెను.

బళ్ళారి మైదానమున సాలుకు సుమారు 500 మిల్లీమీటర్ల వాన కురియగా, కొండలపై అంతకు మించి కురియును. చిరుమాను, బిల్లు మున్నగు ఆకురాలు వృక్షముల యడవి ఆ యెచ్చు వాననాధారముగా పెరిగినదే. పగుళ్ళువారిన ఇనుపశిలయు, దానిపై జేగురురాయియు వాననీటిని పీల్చి, ఊటలుగా మెల్లమెల్లగా విడుచును. వాన వెలిసిన పిదపను వాగులలో తడియుండుటకు ఇదియే హేతువు. ఈ నీరు చేరు దరోజి ప్రాంతమున 1994లో ఎలుగుబంట్లకు అభయారణ్య మేర్పడినది.

అయితే నీటిని దాచు శిలయే ఇనుమునకును గనియగుట ఇక్కడి చిక్కు. దోణిమలైలో 1970ల నుండి పెద్దయెత్తున త్రవ్వకము సాగుచున్నది. 2000 తరువాత ధరలు హెచ్చినపుడు కొండలు శిఖరమునుండి మెట్లుమెట్లుగా తరిగిపోయినవి, మట్టిగుట్టలు వాగులలోనికి జారినవి, ఆంధ్ర సరిహద్దు వైపున హద్దురాళ్ళ స్థానమే వివాదమైనది. 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము బళ్ళారి త్రవ్వకములను నిలిపివేసి, పిమ్మట గనులను మూడు తరగతులుగా విభజించి, 2013లో దోషము మిక్కుటమైన తరగతి కౌళ్ళను రద్దుచేసెను. తక్కినవి తెరువవలెనన్న, మట్టిగుట్టలను స్థిరపఱచి, వాలులపై చెట్లు నాటి, వాగులకడ్డముగా చిన్నకట్టలు కట్టి బురదను ఆపు పునరుద్ధరణ ప్రణాళిక యమలుకావలెనని నియమము విధించెను.