పిలవకముందే కదిలే పల్లెలు

తాడేపల్లిగూడెం: తెల్లవారుజాము నాలుగున్నర. కాలువ గట్టు మీద ఇంకా చీకటి వీడలేదు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిళ్ళు పక్కకు తప్పుకుంటూ ఉంటే ఏడెనిమిది మంది కుర్రాళ్ళు బనీన్లతో పరుగు తీస్తుంటారు. ఒకడి చేతిలో గడియారం. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోగా పూర్తి చేస్తే ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులు. ఆ తర్వాత బీము పట్టుకుని గడ్డం పైకి లేచేలా పదిసార్లు లేవాలి. తొమ్మిది అడుగుల గుంత దూకాలి. పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ దృశ్యానికి ఊరి పేరు అక్కర్లేదు. గట్టు ఉన్న ప్రతి ఊరూ ఇదే.

ఈ పిల్లలను ఎవరూ రమ్మని పిలవలేదు. పిలవకుండానే లేస్తున్నారు. మరోవంక పట్నాల్లో, సభల్లో, టీవీ చర్చల్లో ఒక ప్రశ్న పదే పదే లేస్తోంది: దేశంలో యువకులందరూ తప్పనిసరిగా కొంతకాలం సైన్యంలోనో, మరో దేశసేవలోనో పనిచేయాలన్న చట్టం తెస్తే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న యుద్ధ మేఘాలు కమ్మినప్పుడల్లా వస్తుంది, మేఘాలు విడిపోగానే పోతుంది. 2025 మే 7న సైన్యం 'ఆపరేషన్ సిందూర్' చేపట్టిన రోజే దేశమంతటా పౌరరక్షణ విన్యాసాలు జరిగాయి. హైదరాబాదులో, విశాఖపట్నంలో సైరన్లు మోగాయి. విశాఖ వారికి సైరను కొత్త కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' ఆ రేవు ముంగిటనే మునిగింది. ఆ యుద్ధం పద్నాలుగు రోజుల్లో ముగిసింది. కోస్తాలో దీపాలార్పుకుని కూర్చున్న ఆ రాత్రులు అరవై దాటిన వారికి ఇంకా గుర్తే.

ఇతర దేశాల్లో గాలి ఎటు వీస్తోందో చూస్తే నిర్బంధం వైపే. దక్షిణ కొరియాలో ప్రతి ఆరోగ్యవంతుడైన యువకుడికీ సైన్యంలో ఏడాదిన్నర తప్పదు. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకూ తప్పదు. 2010లో నిర్బంధ సేవ వదులుకున్న స్వీడన్ 2017లో మళ్ళీ తెచ్చుకుంది. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక యూరపులో భయం మరీ పెరిగింది. 2011లో ఆపేసిన జర్మనీ కూడా 2025 డిసెంబరులో చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు సైన్యం పంపే ప్రశ్నల కాగితానికి జవాబు రాసి తీరాలి. అయితే అక్కడ కూడా ముందుగా ఇష్టపడిన వారినే తీసుకుంటారు.

వాటి సంగతి వేరు. ఆ దేశాల్లో జనం తక్కువ, సైన్యానికి మనుషులు చాలరు. మన దేశంలో ఏటా పద్దెనిమిదేళ్ళు నిండేవారు రెండు కోట్లకు పైగా ఉంటారు. మన సైన్యం మొత్తం కలిపి పన్నెండు లక్షల పైచిలుకు. అందరినీ తీసుకుంటామంటే గుడారాలు వేయడానికే రాజస్థాన్ ఎడారి చాలదు. అందుచేత మన దగ్గర వాదన మనుషుల కొరత గురించి కాదు. ఎవరు వెళ్తున్నారు, ఎవరు వెళ్ళడం లేదు అన్నదాని గురించి.

ఆ మాట అడగాలంటే ఈ జిల్లాలోనే ఒక ఊరుంది. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం. కాగితాల మీద మాధవరమే గాని జనం నోట 'మిలటరీ మాధవరం'. 1914-18 యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా తమ ఊరినుంచి వెళ్ళారని గ్రామస్తులు లెక్క చెబుతారు. అమరులైన వారికి ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. తాత సుబేదారు, తండ్రి హవల్దారు, కొడుకు సిపాయి అయిన ఇళ్ళు అక్కడ వింత కాదు. ఆ రెండు యుద్ధాల్లోనూ తెల్లదొరలు మన దేశంలో నిర్బంధ భర్తీ చట్టం తేలేదన్నది గమనించాలి. రెండో యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. అంతా సంతకం పెట్టి చేరినవారే. కొందరిని దేశభక్తి, కొందరిని ఇంటి పేరు, చాలామందిని ఆకలి నడిపించాయి. మూడూ కలిసి నడిపించిన వాళ్ళూ ఉన్నారు.

అయితే తెలుగునేల మీది సిపాయి ఎప్పుడూ తల వంచుకునే నడిచాడనుకుంటే పొరపాటు. 1780 అక్టోబరులో హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్ళాలి, ఓడ ఎక్కండి అని కంపెనీ దొరలు విశాఖపట్నంలో ఉత్తర సర్కార్ల సిపాయిలను ఆజ్ఞాపిస్తే వాళ్ళు ఎక్కలేదు. అక్కడే తిరగబడ్డారు. ఇష్టపడి చేరినవాడు కూడా ఒక హద్దు దాటితే ఊరుకోడు.

నిర్బంధం మాట స్వతంత్ర భారతంలో రాలేదా అంటే, వచ్చింది. పైగా అయిదేళ్ళు అమలు జరిగింది. ఈ సంగతి ఇప్పటి చర్చల్లో ఎవరూ ఎత్తరు.

యుద్ధానికి ముందే దానికి బీజం పడింది. 1959లో కేంద్ర ప్రభుత్వం సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆయన మాజీ ఆర్థిక మంత్రి, మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి భర్త. హైస్కూలు చదువు ముగించి కాలేజీకి పోదలచిన ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు దేశసేవ చేయాలని ఆ సంఘం సిఫార్సు చేసింది. కొంత సైనిక శిక్షణ, కొంత సమాజసేవ, కొంత ఒళ్ళు వంచి చేసే పని. ఖర్చుకు భయపడి ప్రభుత్వం ఆ కాగితాన్ని పక్కన పెట్టింది.

అంతలో 1962 అక్టోబరు 20న చైనా దండెత్తింది. నెల రోజుల యుద్ధం దేశాన్ని కుదిపేసింది. ఊరూరా రక్షణ నిధికి చందాలు పోగుచేశారు, ఆడవాళ్ళు ఒంటి మీది బంగారం తీసి ఇచ్చారు. ఆ ఉద్రేకంలో 1963లో కాలేజీ కుర్రాళ్ళకు ఎన్‌సీసీ శిక్షణ తప్పనిసరి చేశారు. దీని అర్థం గమనించాలి. అప్పుడు నిర్బంధం కాలేజీ గడప తొక్కిన వాడికే. ఆ రోజుల్లో పల్లెల నుంచి ఆ గడప తొక్కినవారు ఎందరు? పొలంలో ఉన్నవాడిని ఎవరూ నిర్బంధించలేదు. కాని చైనా సరిహద్దు మంచులో నిలబడింది ఎక్కువగా పొలం నుంచి వెళ్ళినవాడే.

ఆ ప్రయోగం ఏమైంది? ఖాకీ బట్టలు కుట్టించారు, పరేడ్‌కు హాజరు వేశారు. పిల్లల సంఖ్య పెరిగినంతగా శిక్షణ ఇచ్చే అధికారులూ పెరగలేదు, సామగ్రీ పెరగలేదు. ఇష్టం లేనివాడు వరుసలో నిలబడితే వరుస నిండుతుంది, అంతే. 1968లో మళ్ళీ ఇష్టమున్నవారికే అన్నారు. అలాగని ఎన్‌సీసీని తీసిపారేయడం తగదు. 1965, 1971 యుద్ధాల్లో ఆ క్యాడెట్లే ఆయుధ కర్మాగారాలకు సాయపడ్డారు, పౌరరక్షణ దళాలతో కలిసి పనిచేశారు, రోడ్ల మీద ట్రాఫిక్ నడిపారు. ఇవాళ కూడా ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉన్న కుర్రాడికి సైన్యం భర్తీలో బోనస్ మార్కులున్నాయి.

నిర్బంధం పోయిన మరుసటి ఏడు, 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో జాతీయ సేవా పథకం మొదలైంది. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులతో ఆరంభించారు. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఈ శిబిరాలు చూడని పల్లె జిల్లాలో తక్కువ. మురుగు కాలువ తీసిన శిబిరాలూ ఉన్నాయి, ఫొటో తీయించుకుని బస్సెక్కిన శిబిరాలూ ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే వెంట వచ్చిన మాష్టారిలో ఉంది.

చట్టం మాటకొస్తే, రాజ్యాంగం నిర్బంధ సేవకు తలుపు మూయలేదు. 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధిస్తూనే, ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చునని చెప్పింది. కాని ఒక షరతు పెట్టింది: మతం, జాతి, కులం, వర్గం పేరిట తేడా చూపరాదు. 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో, పిలుపు వచ్చినప్పుడు దేశసేవ చేయడం పౌరుడి విధి అని కూడా ఉంది. 2018లో ఒక పార్లమెంటు స్థాయీసంఘం, గెజిటెడ్ ఉద్యోగం కోరేవారికి ముందుగా అయిదేళ్ళు సైనిక సేవ ఉండాలని సిఫార్సు చేసింది. అది చట్టం కాలేదు. కలెక్టరాఫీసు కుర్చీలో కూర్చోబోయేవాడు ముందు మంచులో నిలబడాలన్న ఆ మాట మాత్రం రచ్చబండ దగ్గర చెబితే నూటికి తొంభై మంది చేతులెత్తుతారు.

రచ్చబండ దగ్గర వాదన అసలు వేరు. అక్కడ 'నిర్బంధం' అన్న మాట వినబడదు. 'నాలుగేళ్ళు' అన్న మాట వినబడుతుంది.

2022 జూన్ 14న కేంద్రం 'అగ్నిపథ్' ప్రకటించింది. పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి మధ్య వయసు వారిని నాలుగేళ్ళకు తీసుకుంటామని అప్పుడు చెప్పారు. ఆ ఒక్క ఏడాదికి పరిమితి ఇరవై మూడుకు పెంచారు. గడువు తీరాక నూటికి 25 మంది వరకు సైన్యంలో ఉండిపోతారు. మిగతావారు ఇంటికి. అంతకు ముందు కోవిడ్ పేరిట రెండేళ్ళు భర్తీ లేదు. పరుగు నెగ్గి, వైద్య పరీక్ష నెగ్గి, రాతపరీక్ష కోసం ఎదురు చూస్తున్న కుర్రాళ్ళ గుండె మండింది. జూన్ 17న సికిందరాబాదు స్టేషనులో రైళ్ళు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు ప్రాణం విడిచాడు. ఆస్తి తగలబెట్టడం తప్పే. కాని ఆ గుంపు సైన్యం వద్దని రాలేదు, సైన్యం కావాలని వచ్చింది. లోకంలో నిర్బంధ భర్తీ మీద తిరగబడిన యువకుల కథలు ఎన్నో ఉన్నాయి. భర్తీ చాలలేదని తిరగబడిన కథలు అరుదు.

లెక్క చూద్దాం. అగ్నివీరుడికి మొదటి ఏడు నెలకు 30 వేలు, నాలుగో ఏడు 40 వేలు. అందులో నూటికి 30 కోత కోసి, అంతే మొత్తం ప్రభుత్వం కలిపి, చివర సుమారు 11 లక్షల 71 వేలు చేతికిస్తారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు. ఎకరం కూడా లేని కౌలురైతు ఇంట ఆ డబ్బుతో అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్ళవుతుంది. కాని పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడన్న హోదా లేదు, క్యాంటీన్ కార్డు లేదు. విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉన్నాయి. అది మాట వరసకు రాసుకున్న నిబంధన కాదు. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా యువ అగ్నివీరుడొకడు నేలకొరిగాడు. ఊరంతా కన్నీళ్ళతో సాగనంపింది.

పల్లెలో పెన్షన్ అంటే కాగితం కాదు. పదిహేను, పదిహేడేళ్ళు చేసి వచ్చిన జవానుకు నెలనెలా వచ్చే ఆ డబ్బు మీదే ముసలి తల్లి మందులు, పిల్లల ఫీజులు నడిచాయి. మాధవరం వంటి ఊళ్ళలో పెంకుటిళ్ళు డాబాలయ్యింది దానివల్లే. అందుకే ఇప్పుడు సంబంధం మాట్లాడటానికి వచ్చిన పిల్ల తండ్రి ముందుగా అడిగేది జీతం కాదు. "నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తాడు బావగారూ?" అని.

దానికి జవాబులు లేకపోలేదు. కేంద్ర సాయుధ బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో నూటికి పది ఉద్యోగాలు అగ్నివీరులకు కేటాయిస్తామని 2022లోనే ప్రకటించారు. సైన్యం సగటు వయసు తగ్గాలన్న వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. కొండల మీద పోరు కుర్రవాళ్ళ పని. నాలుగేళ్ళు క్రమశిక్షణ నేర్చిన యువకుడు ఊరికి వస్తే ఊరికే మేలు అనే మాజీ సైనికులున్నారు. తుపాకి పట్టడం నేర్చి, ఇరవై రెండేళ్ళకే పని లేక కూర్చుంటే ఏమిటి గతి అని అడిగే మాజీ సైనికులూ ఉన్నారు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ వాదించుకుంటారు.

అందరికీ నిర్బంధ సేవ పెట్టాలనే పెద్దలు ముందుగా ఈ అరుగు దగ్గర ఒక పూట కూర్చోవలసి ఉంది. ఇష్టపడి వచ్చినవాడికి నాలుగేళ్ళ తర్వాత దారి చూపలేని చోట, ఇష్టం లేనివాడిని రెండు కోట్ల మందిలో ఒకడిగా తెచ్చి ఏం చేస్తారు? 1963లో కాలేజీ మైదానంలో కర్ర తుపాకులతో నిలబెట్టినట్టే నిలబెడతారా? అలాకాక, నిజంగానే అందరూ రావాలంటే, ఇంజనీరింగు సీటు కొనుక్కున్న వాడి పేరు కూడా కౌలురైతు కొడుకు పేరు పక్కనే అదే జాబితాలో ఉండాలి. రాజ్యాంగం పెట్టిన షరతు అదే. ఆ జాబితా రాసే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉందో ఇంతవరకు తెలియరాలేదు.

అగ్నివీరుల మొదటి జట్టు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణ కేంద్రాలకు చేరింది. నాలుగేళ్ళ లెక్కన వాళ్ళ గడువు 2027 సంక్రాంతి ప్రాంతానికి నిండుతుంది. నలుగురిలో ఒకడు సైన్యంలో ఉండిపోతాడు. మిగతా ముగ్గురు ట్రంకు పెట్టెలతో తాడేపల్లిగూడెం స్టేషనులో దిగుతారు. వాళ్ళు పరుగు నేర్చిన కాలువ గట్టు మీద ఇప్పుడు వాళ్ళ తమ్ముళ్ళు గడియారం పట్టుకుని పరుగు తీస్తున్నారు.