క్లచ్ డబ్బాలో నూనె ఎందుకు పెరుగుతుంది?

డిస్కు బ్రేకు డబ్బాలో నూనె వాడేకొద్దీ తగ్గుతుంది. హైడ్రాలిక్ క్లచ్ డబ్బాలో మాత్రం ఎవరూ పోయకుండానే పెరుగుతుంది!

కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో తనకల్లు దాటే బండ్లలో చాలావాటికి ఉండేది వైరు క్లచ్చే. ఎర్రమట్టి దుమ్ము తొడుగులోకి చేరి వైరును అరగదీస్తుంది. లివరు దగ్గర ఒక పోగు తెగి ముల్లులా లేచిందంటే మార్చే రోజు వచ్చినట్టే. ఖరీదైన పెద్ద బండ్లలో కొన్నిటికి వైరుండదు, నూనె గొట్టం ఉంటుంది. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. లివరు నొక్కగానే పైనున్న పిస్టన్ నూనెను తోస్తుంది, ఆ నూనె ఇంజను దగ్గరున్న పిస్టన్‌ను తోస్తుంది, అది క్లచ్ ప్లేట్లను విడదీస్తుంది.

ప్లేట్లు అరిగి పలచబడితే స్ప్రింగులు వాటిని ఇంకా దగ్గరికి నొక్కుతాయి. దాంతో కింది పిస్టన్ కాస్త వెనక్కి జరిగి, అక్కడి నూనె పై డబ్బాలోకి వచ్చేస్తుంది. బ్రేకులో జరిగేది దీనికి తలకిందులు: ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీని నూనె నింపుతుంది. క్లచ్‌లో నూనె పైకి వస్తుంది కాబట్టే దాని డబ్బాను అంచుదాకా నింపకూడదు. మట్టం తగ్గిందా, ఎక్కడో కారుతోందన్నమాట. పైన నూనె పోసి ఊరుకోకుండా లివరు కింద, ఇంజను పక్కన తడి ఉందేమో చూడాలి.

ఇలాంటి క్లచ్‌లలో పోసే డాట్ 4 రకం నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం కొత్త నూనె కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. సీసా తెరిచి నెలల తరబడి అటక మీద పెట్టిన నూనె వాడొద్దనేది ఇందుకే. గొట్టంలో గాలి చేరితే లివరు మెత్తగా దిగుతుంది, న్యూట్రల్ ఓ పట్టాన పడదు. అప్పుడు నిపుల్ వదులు చేసి గాలి తీయించాలి.

మన మెట్టలో నాకు తేమకన్నా దుమ్ముతోనే భయం. నలుసు లోపల పడితే రబ్బరు సీలును గీరేస్తుంది. మూత విప్పే ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మూత స్క్రూలు మెత్తటివి, సరైన స్క్రూడ్రైవర్ కాకపోతే తల అరిగిపోతుంది. నూనె చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

కొన్ని క్లచ్‌లకు డాట్ నూనె కాదు, మినరల్ ఆయిల్ పోయాలి. ఒకదానికి బదులు మరొకటి పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మూత మీద రాసింది చదవకుండా ఏ మెకానిక్ చేతా నూనె పోయించకండి.